మూడు చిల్లుల టికెట్టు: రాజుల లోయలో ఏ సమాధి చూడాలి, ఎందుకు

ఈజిప్టులో లక్సర్ ఊరికి ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డు కొండల్లో రాజుల లోయ ఉంది. అక్కడ కొనే మామూలు టికెట్టుతో మూడు సమాధులే చూడొచ్చు. ఒక్కో గుమ్మం దగ్గర కాపలాదారు టికెట్టు తీసుకుని ఒక చిల్లు కొడతాడు. మూడో చిల్లు పడ్డాక ఇక ఆ కాగితం చెల్లదు. లోయలో నంబరు పడిన తవ్వకాలు అరవైకి పైనే ఉన్నా వాటిలో సగం కూడా రాజులవి కావు. రాజుల సమాధుల్లోనూ ఒక రోజున మామూలు టికెట్టు కింద తెరిచి ఉండేవి ఎనిమిదో పదో. గోడలకి విశ్రాంతి ఇవ్వడానికి వాటిని వంతులవారీగా మూసి తెరుస్తుంటారు. కాబట్టి ఇంటి దగ్గర రాసుకున్న జాబితా గేటు దగ్గరికి వచ్చేసరికి తారుమారు కావచ్చు.

చాలామంది మొదట కనబడిన మూడింటిలో దూరి, పక్కన తుటన్‌ఖామున్ సమాధికి విడిగా డబ్బు కట్టి, "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనుకుంటూ బయటికొస్తారు. ఒకేలా లేవు. సుమారు ఐదు వందల ఏళ్లపాటు, క్రీస్తుపూర్వం 1550 ప్రాంతం నుంచి 1070 ప్రాంతం దాకా, పద్దెనిమిదో రాజవంశం నుంచి ఇరవయ్యో రాజవంశం వరకు ఇక్కడ తవ్వుతూనే ఉన్నారు. ఆ ఐదు వందల ఏళ్లలో సమాధి ఆకారం, గోడ మీది పని, లోపలికి దిగే వాలు, తలుపు దాచే పద్ధతి అన్నీ మారిపోయాయి. ఆ తేడా కనబడేలా మూడింటిని ఏరుకుంటేనే ఆ మూడు చిల్లులకి విలువ.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

మొట్టమొదట వదిలించుకోవాల్సిన భ్రమ, గొప్ప రాజుకి గొప్ప సమాధి ఉంటుందని. 66 ఏళ్లు ఏలిన రెండో రామ్సెస్‌ది ఏడో నంబరు. లోయలో చాలా పెద్ద సమాధుల్లో అదొకటి, కానీ చూపించడానికి లేదు. ఎన్నోసార్లు వరద దూరి గోడ చెక్కడాలు ఊడిపడ్డాయి, గదులు రాయిలా గట్టిపడిన మట్టితో నిండిపోయాయి. దానికి ఎదురుగా ఉన్న ఐదో నంబరు అతని కొడుకులది. అది ఏదో చిన్న కన్నమని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1995లో అమెరికన్ పురావస్తు పరిశోధకుడు కెంట్ వీక్స్ బృందం లోపలి తలుపు దాటితే వరసగా గదులు బయటపడ్డాయి. ఇప్పటికి లెక్క 120 దాటింది. అదీ జనానికి తెరవలేదు.

ఇక తుటన్‌ఖామున్‌ది 62వ నంబరు. 1922 నవంబర్ 4న ఇంగ్లీషు పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ కూలీలకి మొదటి మెట్టు తగిలింది. లోపల ఐదు వేలకి పైగా వస్తువులు దొరికాయి. అందులో లోపలి శవపేటిక ఒక్కటే 110 కిలోల బంగారం. ఆ సామానంతా ఇప్పుడు గిజాలో, 2025 నవంబరులో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉంది. సమాధి వైశాల్యం మాత్రం నూట పది చదరపు మీటర్లు, అంటే మన మూడు బెడ్‌రూముల ఫ్లాటంత. బొమ్మలున్నది శవపేటిక గదిలోనే. మిగతావన్నీ బోడి గోడలు. అసలు అది రాజు కోసం తవ్వింది కాదనీ, కుర్రవాడు హఠాత్తుగా పోతే చేతికందిన సమాధిలో సర్దేశారనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

అయితే అక్కడ ఒక్కటి మాత్రం ఇంకెక్కడా లేదు. రాజు ఇంకా లోపలే ఉన్నాడు. 2007 నుంచి అతని మమ్మీని ముందు గదిలో, గాలి తేమా అదుపులో ఉండే గాజుపెట్టెలో ఉంచారు. లోయలో సొంత సమాధిలోనే మిగిలిన ఫరో ఇతనొక్కడే. దానికోసం విడిగా టికెట్టు కొనాలా అంటే, మనిషిని చూడాలనుంటే కొనండి. గోడలు చూడాలనుంటే ఆ డబ్బు తొమ్మిదో నంబరుకి, అంటే ఆరో రామ్సెస్ సమాధికి పెట్టండి.

బోర్డు చదివితే సగం పని అయినట్టే

ఈ నంబర్లు కాలక్రమంలో లేవు. 1827లో జాన్ గార్డ్‌నర్ విల్కిన్సన్ అప్పటికి కనబడుతున్న 21 సమాధుల గుమ్మాల మీద రంగుతో అంకెలు వేశాడు. ఆ తరవాతివి దొరికిన వరసలో నంబర్లు తెచ్చుకున్నాయి. ఒకటో నంబరు ఏడో రామ్సెస్‌ది. అంటే దాదాపు చివరివాళ్లలో ఒకడు. మూడో తుత్మోస్ అతనికంటే మూడు వందల ఏళ్ల ముందువాడు, అతనిది 34. కాబట్టి అంకె చూసి పాతదో కొత్తదో తేల్చలేం.

ప్రతి సమాధి బయటా ఒక పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద పైనుంచి చూసిన పటం ఒకటి, పక్కనుంచి కోసినట్టు చూపే పటం ఒకటి. ఇది చదవడం రెండు నిమిషాల పని. పైపటంలో నడవ ఒకచోట లంబకోణంలో మలుపు తిరిగితే అది పద్దెనిమిదో వంశం తొలికాలపుది. నేరుగా వెళ్లి ఒక మెట్టు పక్కకి జరిగి మళ్లీ నేరుగా సాగితే పద్దెనిమిదో వంశపు చివరి రాజు హోరెమ్‌హెబ్ కాలానిది, లేదా ఆ తరవాతిది. గుమ్మం నుంచి శవపేటిక గది దాకా బాణంలా ఉంటే అది రామ్సెస్‌ల కాలం. పక్కపటంలో వాలు చూడండి. పాతవి నిటారుగా కిందికి దిగుతాయి, మోకాళ్లు చెబుతాయి. కొత్తవాటికి వాలు తక్కువ, నడవలు వెడల్పు, పైకప్పు ఎత్తు. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ ఒక్క పటమే వాళ్ల మూడు చిల్లులు ఎక్కడ కొట్టించాలో చెబుతుంది.

నడవ నేరుగా ఎందుకు మారింది అంటే, తలుపులో పడిన సూర్యకిరణం దారి పొడవునా సూర్యుడి ప్రయాణాన్ని గుర్తుచేయాలని ఒక వివరణ. అఖెనాటెన్ అనే రాజు కాలపు సూర్యారాధన తాలూకు ప్రభావం ఇదని అంటారు. ఇంకో మార్పు వట్టి కంటికే కనబడుతుంది. పాత సమాధుల గుమ్మాలు కొండ చీలికల్లో, వాన పడితే నీళ్లు దూకే చోట్ల దాచారు. కొట్టుకొచ్చిన రాళ్లే తలుపుని కప్పేస్తాయి. రామ్సెస్‌ల కాలానికి గుమ్మాలు లోయ అడుగుకి దిగాయి. సూర్యబింబం చెక్కిన పెద్ద తలుపులు దర్జాగా బయటికి కనబడేవి. దాచడం మానేసి కాపలాని నమ్ముకున్నారు. ఆ కాపలా చివరికి నిలవలేదు.

పాత సమాధుల మధ్యలో ఒక లోతైన బావి ఉంటుంది. ఇప్పుడు దాని మీద చెక్క వంతెన వేశారు కాబట్టి చాలామంది గమనించకుండానే దాటేస్తారు. దొంగల్ని ఆపడానికనీ, వరదనీరు పట్టడానికనీ, పాతాళ దేవుడు ఒసిరిస్ సమాధికి గుర్తుగా అనీ మూడు వాదాలున్నాయి. మూడూ నిజం కావచ్చు. రెండోదానికి మాత్రం గట్టి రుజువుంది. దాన్ని కాస్త తరవాత చూద్దాం.

ఉలి పట్టినవాళ్లు

ఈ గోడలు చెక్కినవాళ్ల ఊరు కొండకి అవతల ఉంది. ఇప్పుడు దాన్ని దేర్ ఎల్ మదీనా అంటారు. ఇళ్ల పునాదులు, వాళ్లు తమకోసం వేసుకున్న చిన్న సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పనివాళ్లు రెండు జట్లు, కుడి జట్టు, ఎడమ జట్టు. సమాధిలో కుడిగోడ వీళ్లది, ఎడమగోడ వాళ్లది. వాళ్ల వారానికి పది రోజులు. ఎనిమిది రోజులు లోయలో పని చేసి, రాత్రిళ్లు కొండ కనుమ మీది రాతి గుడిసెల్లో పడుకుని, మిగతా రెండు రోజులకి ఇంటికి దిగేవారు.

జీతం ధాన్యంగా. మామూలు పనివాడికి నెలకి 4 ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖార్ అంటే దాదాపు 77 లీటర్లు. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట ఆ ధాన్యం రావడం ఆలస్యమైంది. వీళ్లు పని మానేసి, కాపలా గోడలు దాటుకుని వెళ్లి గుళ్ల దగ్గర బైఠాయించారు. నెలలో పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి, ఆకలిగా ఉన్నామని వాళ్లు చెప్పిన మాట ఒక పపైరస్ మీద మిగిలింది. అది ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. లిఖితంగా దొరికిన సమ్మెల్లో ఇదే మొదటిది. రాజుని దేవుడిగా చెక్కుతున్న చేతులే రాజు జీతం ఇవ్వలేదని నిలదీశాయి. పదకొండో నంబరులోకి దిగేటప్పుడు ఇది గుర్తుంటే గోడలు వేరేగా కనబడతాయి. ఆ సమాధి ఈ మూడో రామ్సెస్‌దే.

పని వరస ఇలా ఉండేది. రాయి కొట్టేవాళ్లు ముందు పైకప్పు వైపు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతారు. పైకప్పు మీద నట్టనడుమ ఎర్రగీత కొట్టుకుని, నడవ పక్కకి పోకుండా దాన్నే చూసుకుంటారు. పనిముట్లు రాగి, కంచు ఉలులు, చెక్క సుత్తులు. సున్నపురాయి మెత్తగానే తెగుతుంది గాని, దానిలో అక్కడక్కడా చెకుముకిరాయి గడ్డలు ఉంటాయి. ఉలి వాటికి తగిలితే మొన పోతుంది. పోయిన ఉలిని గుమాస్తా తూకం వేసి తీసుకుని, అంతే తూకం కొత్తది ఇచ్చేవాడు. రాగి రాజుగారి సొమ్ము మరి. దీపాలకి ఇచ్చిన వత్తులకీ లెక్కే. పొద్దున ఇన్ని, మధ్యాహ్నం ఇన్ని అని సున్నపురాయి పెంకుల మీద రాసిన చిట్టాలు దొరికాయి. ఇన్ని దీపాలు వెలిగినా పైకప్పుకి మసి పెద్దగా లేదేమిటని అందరూ అడుగుతారు. నూనెలోనో వత్తిలోనో ఉప్పు కలిపేవారని ఒక ఊహ.

గోడ తెగాక గుంటలు పూడ్చి పైన పలచగా గచ్చు పూస్తారు. తాడుని ఎర్రరంగులో ముంచి గోడమీద కొట్టి గళ్లు వేస్తారు. వాటి మీద చిత్రకారుడు ఎర్రగీతలతో బొమ్మలు గీస్తాడు. పెద్ద మేస్త్రి వచ్చి నల్లగీతతో తప్పులు దిద్దుతాడు. ఆ తరవాతే ఉలి, చివర్న రంగు. ఎరుపు, పసుపు జేగురు మట్టి నుంచి వచ్చేవి. నలుపు బొగ్గుది. నీలం మాత్రం కొండలో దొరికేది కాదు. ఇసుక, సున్నపురాయి, రాగి కలిపి కొలిమిలో కాల్చి, ముద్దని నూరి చేసుకునేవారు.

ఈ దశలన్నీ ఒకేచోట చూడాలంటే హోరెమ్‌హెబ్ సమాధి, 57వ నంబరు. రాజు పోయేసరికి లోపలి గది పూర్తికాలేదు. డెబ్బై రోజుల్లో శవం సిద్ధమవుతుంది, ఈలోగా ఎంత అయితే అంత. అందుకే ఒక గోడ మీద గళ్లు మాత్రమే ఉన్నాయి. పక్కన ఎర్ర బొమ్మ, దాని మోకాలి దగ్గర నల్లగీత కాస్త లోపలికి జరిగి ఉంది. ఇంకో పక్క సగం చెక్కిన బొమ్మ, తల తేలింది, కాళ్లు ఇంకా గీతలే. ముందు గదుల్లో మాత్రం నీలిబూడిద రంగు నేపథ్యం మీద దేవతలు నిన్న పూసినట్టు మెరుస్తుంటారు. పూర్తయిన గోడ అందంగా ఉంటుంది, పూర్తికానిది పని నేర్పుతుంది. 57 తెరిచి ఉందని బోర్డు మీద కనబడితే ఒక చిల్లు దానికే ఇవ్వాలి, అందులో సందేహం అక్కర్లేదు.

తప్పులు: కన్నాలు, వరదలు, ఉబ్బే రాయి

లోయ చిన్నది, ఐదు వందల ఏళ్ల తవ్వకం. పాత సమాధుల అచ్చమైన పటం తవ్వేవాళ్ల దగ్గర ఉన్నట్టు లేదు. పదకొండో నంబరుని మొదలుపెట్టినవాడు సెట్‌నఖ్త్. మూడో నడవ తవ్వుతుండగా అతని మనుషుల ఉలి పక్కనున్న పదో నంబరు గదిలోకి దిగింది. పని ఆపేశారు. సెట్‌నఖ్త్ చివరికి రాణి తౌస్రెట్ సమాధిని, అంటే 14వ నంబరుని, సొంతం చేసుకున్నాడు. అతని కొడుకు మూడో రామ్సెస్ ఆగిపోయిన తవ్వకాన్నే తీసుకుని, నడవని కుడికి జరిపి మళ్లీ లోపలికి సాగించాడు. లోపల నడుస్తున్నప్పుడు దారి ఒక్కసారిగా పక్కకి మళ్లే చోటు అదే. గైడు చెప్పకపోతే ఏదో మతపరమైన మలుపు అనుకుంటాం. సిప్తా సమాధి, 47 తవ్వేటప్పుడూ ఇంతే, 32వ నంబరులోకి కన్నం పడింది.

మెరెన్ప్తాది ఇంకో రకం పొరపాటు. ఎనిమిదో నంబరు. రాజుకి ఒకదానిలో ఒకటిగా నాలుగు పేటికలు చేయించారు. బయటి రాతిపేటిక దారిలోని గుమ్మాల్లో పట్టలేదు. ద్వారబంధాలు తెగ్గొట్టి లోపలికి దించాల్సి వచ్చింది.

అసలు శత్రువు మాత్రం నీరు. ఎడారిలో వాన ఏమిటి అనిపిస్తుంది. ఏళ్ల తరబడి చినుకుండదు, పడిన రోజున చెట్టూ గడ్డీ లేని కొండ మీంచి నీరంతా నిమిషాల్లో లోయలోకి దూకుతుంది. 1994 నవంబరులో అలాంటి వరద వచ్చాకే సమాధుల గుమ్మాల చుట్టూ అడ్డుగోడలు కట్టడం ఊపందుకుంది. ఇక్కడ రాయి రెండు పొరలు. పైన సున్నపురాయి, దాని అడుగున ఎస్నా షేల్ అనే బంకమట్టి రాయి. షేల్ తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఆ కదలికకి పైనున్న సున్నపురాయి స్తంభాలు, గోడలు పగులుతాయి. అందుకే బాగా లోతుకి దిగిన సమాధులే ఎక్కువ దెబ్బతిన్నాయి. రెండు వందల మీటర్లకి పైగా మెలికలు తిరుగుతూ దిగిన హత్షెప్సుట్ సమాధి, 20వ నంబరు, దీనికి సాక్ష్యం.

బావి సంగతి ఇక్కడే. 1817 అక్టోబరులో జియోవానీ బెల్జోనీ మొదటి సేటి సమాధిని, 17వ నంబరుని కనుక్కున్నాడు. 137 మీటర్ల పొడవు, గోడలన్నీ ఉబ్బెత్తు చెక్కడం, రంగు చెక్కుచెదరలేదు. లోపలికి రాకపోకలు సులువుగా ఉంటాయని మధ్యలోని బావిని పూడ్పించాడు. తరవాత వాన వచ్చింది. మూడు వేల ఏళ్లుగా బావిలో ఆగుతున్న నీరు ఈసారి లోపలి గదుల్లోకి నడిచింది. బావి ఎందుకు తవ్వారన్న చర్చలో ఇంతకంటే మంచి రుజువు దొరకదు. చెక్కడాల అచ్చులు తీయడానికి గోడలకి అంటించిన తడికాగితాలు, మైనం రంగుని కూడా ఊడదీసుకుపోయాయి. పన్నెండేళ్ల తరవాత, ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగిన ఫ్రెంచి పండితుడు షాంపోలియోన్ ఒక పలక కోసుకుపోయాడు, అది లూవ్ర్‌లో ఉంది. దాని జోడీ ఫ్లోరెన్స్‌లో. రాజు పాలరాతి పేటిక లండన్‌లోని సోన్ మ్యూజియంలో. ఇన్ని పోయినా లోయలో ఇంత పని ఇంకెక్కడా లేదు. దీని టికెట్టు ధర మామూలు టికెట్టుకి రెండింతల పైనే. ఈజిప్టు శిల్పం మీద ఇష్టంతో అంతదూరం వచ్చినవాళ్లకి అది దండగ కాదు.

సేటి శవపేటిక గది అడుగు నుంచి ఇంకా లోతుకి ఒక సొరంగం పోతుంది. రహస్య గది ఉందని తరాల తరబడి చెప్పుకున్నారు. 2007 నుంచి 2010 మధ్య దాన్ని చివరిదాకా తవ్వారు. 174 మీటర్ల తరవాత అర్ధాంతరంగా ఆగిపోయింది. కొండని తవ్వి ఎలుకని కూడా పట్టలేదు.

గోడల మీద ఏముంది

ఇక్కడి గోడల మీద రాజు యుద్ధాలూ వేటలూ విందులూ ఉండవు. అవి గుళ్లలో, ప్రభువుల సమాధుల్లో కనబడతాయి. రాజుల లోయలో గోడంతా ఒకటే కథ. సాయంత్రం పడమట మునిగిన సూర్యుడు రాత్రి పన్నెండు గంటలపాటు పాతాళంలో పడవ మీద ప్రయాణించి, ఆపెప్ అనే పాముని దాటి, తెల్లారి మళ్లీ పుట్టడం. చనిపోయిన రాజు ఆ పడవెక్కాడు కాబట్టి దారి తెలియాలి, తలుపుల పేర్లు తెలియాలి, కాపలా ఉన్నవాళ్లని ఏమని పిలవాలో తెలియాలి. గోడలు రాజుకి ఆ దారి పటాలన్నమాట. ఇది తెలిస్తే పాములకి కాళ్లెందుకు, మనుషులు తలకిందులుగా ఎందుకు ఉన్నారు అన్న గందరగోళం చాలావరకు పోతుంది. తలకిందులుగా ఉన్నవాళ్లు శిక్షపడిన శత్రువులు.

ఈ కథ పాతరూపం మూడో తుత్మోస్ సమాధిలో ఉంది. 34వ నంబరు. లోయ కొసన కొండ చీలికలో, ఇనుప మెట్లెక్కి దాదాపు ముప్పై మీటర్ల పైకి వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ నిటారుగా దిగాలి. శవపేటిక గది మూలల్లేకుండా గుండ్రంగా, రాజు పేరు చుట్టూ గీసే వలయం ఆకారంలో ఉంటుంది. గోడకి పాత కాగితం రంగు పూసి, నలుపు ఎరుపు గీతలతో పుల్లల్లాంటి బొమ్మలు వేశారు. పపైరస్ చుట్టని విప్పి గది చుట్టూ అంటించినట్టు ఉంటుంది. ముందు గదిలో 741 దేవతల పట్టీ. రంగుల కోసం వెళ్తే నిరాశపడతారు. గీత బలం చూడాలనుకునేవాళ్లకి లోయలో ఇదే అసలైన గది.

కొత్తరూపానికి తొమ్మిదో నంబరు. ఐదో రామ్సెస్ మొదలుపెట్టాడు, ఆరో రామ్సెస్ పూర్తిచేశాడు. 117 మీటర్ల నేరు దారి. చివరి గది పైకప్పు మీద నూత్ అనే ఆకాశదేవత రెండుసార్లు, వీపుకి వీపు ఆనించి, గది పొడవునా సాగి ఉంటుంది. నల్లని నేపథ్యం, బంగారు పసుపు ఒళ్లు. ఒక రూపంలో పగలు, ఇంకో రూపంలో రాత్రి. ఆమె నోటి దగ్గర ఒక ఎర్ర బింబం ఉంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగుతోంది. అక్కణ్ణుంచి కళ్లని మెల్లగా ఒంటి వెంట నడిపించండి. మెడ, రొమ్ము, పొట్ట, లోపల ఎర్ర చుక్కలు వరసగా కదులుతుంటాయి. కొసన తెల్లవారుజామున బింబం పుట్టి బయటపడుతుంది. మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. కింద ముక్కలైన రాతిపేటిక ఉంది. దాని ముఖం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. ఈ సమాధికి విడిగా టికెట్టుంది, కాని విడి టికెట్లన్నిటిలో ఇది చవక. విడి టికెట్లలో ఒక్కటే కొనగలమంటే ఇది కొనమనే ఎవరైనా చెబుతారు.

గోడల మీద గీరిన గ్రీకు, లాటిన్ రాతలు కూడా ఈ సమాధిలో విస్తారం. రెండు వేల ఏళ్ల కిందటి యాత్రికులు తమ పేర్లు గీరి వెళ్లారు. అప్పటికే ఇది చూడదగ్గ చోటు. పూజారుల చిట్టాలో 47 సమాధులున్నాయనీ, ఈజిప్టుని ఏలిన గ్రీకు రాజులు టోలమీల కాలానికి 17 మిగిలాయనీ గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు.

ఖాళీగా ఎందుకున్నాయి

ఒకటి దొంగలు, రెండు పూజారులు. ఇరవయ్యో వంశం చివర్లో ధాన్యం తగ్గింది, అధికారం సడలింది, సమాధులు తవ్వినవాళ్లకే దారులు తెలుసు. తొమ్మిదో రామ్సెస్ కాలపు దొంగతనాల విచారణ పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తరవాత ఆమున్ దేవుడి పూజారులే రాజుల మమ్మీలని పోగుచేసి, ఒంటి మీది బంగారం తీసి, కొత్త గుడ్డ చుట్టి, పేర్లు రాసి రెండుచోట్ల దాచారు. నాలుగో నంబరు సమాధి ఈ పనికి కార్ఖానాగా నడిచింది. దేర్ ఎల్ బహరీ దగ్గర దాచిన మమ్మీలు 1881లోను, రెండో అమెన్‌హోటెప్ సమాధిలో దాచినవి 1898లోను అధికారుల చేతికి వచ్చాయి. వాళ్లలో చాలామందితో కలిపి 22 మంది రాజులు, రాణులు 2021 ఏప్రిల్ 3న కైరో వీధుల్లో ఊరేగింపుగా ఫుస్తాత్ మ్యూజియంకి చేరారు. తుటన్‌ఖామున్ బతికిపోయింది వరద మట్టి వల్ల, ఆ పైన ఆరో రామ్సెస్ పనివాళ్లు వేసుకున్న గుడిసెల వల్ల. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో వచ్చిన మమ్మీని చూసి "ఇది కూడా అక్కడిదేనా" అని అడిగేవాళ్లుంటారు. కాదు. అది ఈ రాజుల తరవాత చాలా వందల ఏళ్లకి, టోలమీల కాలానిది.

రోజు ఎలా నడపాలి

గేటు పొద్దున ఆరుకి తెరుస్తారు, సాయంత్రం ఐదుకి మూస్తారు. ఎర్రసముద్రం తీరం నుంచి వచ్చే బస్సులు తొమ్మిది, పది మధ్యలో దిగుతాయి. ఆ తరవాత తొమ్మిదో నంబరులో ముందుకి కదలడం కూడా కష్టం. ఆరున్నరకి లోపల ఉంటే మొదటి గంట లోయ మీదే. అది కుదరకపోతే మధ్యాహ్నం రెండు దాటాక రండి. రద్దీ ఉండదు గాని, వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. సమాధి లోపల చల్లగా ఉంటుందనుకోకండి. జనం ఊపిరితో గాలి బరువెక్కి చెమటలు కారతాయి. ఆ తేమే గోడలకి శాపం. రాయిలోని ఉప్పు కరిగి, మళ్లీ ఆరినప్పుడు గడ్డకట్టి రంగుని వెనకనుంచి తోసేస్తుంది. తుటన్‌ఖామున్ గోడల మీది గోధుమరంగు మచ్చలు మాత్రం యాత్రికుల పాపం కాదు. అవి కార్టర్ కాలపు ఫోటోల్లోనే ఉన్నాయి, ఇప్పుడు పెరగడం లేదు.

టికెట్టు కౌంటర్లో కార్డే తీసుకుంటారు, నోట్లు చెల్లవు. కాబట్టి విదేశాల్లో పనిచేసే కార్డు రెండు ఉంచుకోవడం మేలు. తుటన్‌ఖామున్, సేటి, ఆరో రామ్సెస్ టికెట్లు కావాలంటే మామూలు టికెట్టుతో పాటు అక్కడే కొనేయాలి. లోపలికి వెళ్లాక మనసు మారితే మళ్లీ వెనక్కి నడవాలి. కౌంటరు దాటగానే హాల్లో లోయ నమూనా ఒకటుంది. పైన కొండలు, దాని అడుగున సమాధులన్నీ వేళ్లలా కిందికి వేలాడుతుంటాయి. ఐదు నిమిషాలు దాని కిందికి వంగి చూస్తే ఏది ఎంత లోతుందో అర్థమవుతుంది. అక్కణ్ణుంచి చిన్న కరెంటు బండిలో గేటు దాకా.

గైడ్లు సమాధి లోపల ఉపన్యాసం ఇవ్వకూడదన్నది నియమం. చెప్పాల్సింది బోర్డు దగ్గరే చెప్పించుకోవాలి, ప్రశ్నలు బయటే అడగాలి. ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ కూడదు. లోపల కాపలాదారు ఒక అట్టముక్క చేతిలో పెడతాడు, విసురుకోమని. ఒక మూల దీపం చూపిస్తాడు, తాడు అవతలికి రమ్మంటాడు. ఆ తరవాత చెయ్యి చాపుతాడు. బక్షీసు అన్న మాట మనకీ వాళ్లకీ ఒకటే, అనువాదం అక్కర్లేదు. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి, అట్టకి ఇవ్వండి. తాడు దాటించినందుకు మాత్రం ఇవ్వకండి, అసలు దాటకండి. మన భుజం ఆనిన చోట రంగు పోతుంది.

ఇక ఏ మూడు? మోకాళ్లు బాగుంటే 34, 57, 11. దారి దిగిన కొద్దీ కాలం ముందుకి నడుస్తుంది. గీతల పపైరస్, సగం చెక్కిన గోడ, చివరికి పక్కకి జరిగిన నడవ. 57 మూసి ఉంటే ఆ చోట 14 చూడండి. రాణి బొమ్మల మీద గచ్చు పూసి రాజు బొమ్మలు వేసిన చోట్లు అక్కడ కనబడతాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే నాలుగో రామ్సెస్ సమాధి, రెండో నంబరు. గేటుకి దగ్గర, వాలు తక్కువ, నడవ వెడల్పు. ఈ సమాధికి ఆనాడు పపైరస్ మీద వేసిన పటం కూడా ట్యూరిన్‌లో మిగిలింది. దాంతోపాటు పదకొండూ, విడి టికెట్టుతో తొమ్మిదీ చాలు. పిల్లలుంటే 16ని తీసేయకండి. మొదటి రామ్సెస్ రెండేళ్లు కూడా ఏలలేదు, గది చిన్నది, రంగులు పెద్దవి.

తిరుగుదారిలో, లోయ రోడ్డు మొదట్లో కార్టర్ ఉన్న ఇల్లుంది. దాని పక్కన నేలలో తుటన్‌ఖామున్ సమాధికి నకలు ఒకటి 2014లో తెరిచారు. గోడని అంగుళం అంగుళం కొలిచి, మచ్చలతో సహా చేశారు. అసలు సమాధిలో నిమిషం నిలబడనివ్వని గోడ ముందు ఇక్కడ ఎంతసేపైనా నిలబడొచ్చు. అసలులో లేనిది కూడా ఒకటి ఇక్కడ ఉంది. శవపేటిక గదిలోంచి పెద్ద సామాను బయటికి తేవడానికి కార్టర్ బృందం దక్షిణపు గోడని పగలగొట్టింది. దాని మీద ఐసిస్ దేవత, ఆమె వెనక చిన్న దేవతలు ఉండేవాళ్లు. పగలగొట్టక ముందు తీసిన ఫోటోని బట్టి ఆ ముక్కని మళ్లీ చేసి, నకలు సమాధి ముందు గది గోడకి పెట్టారు.